కంచె కంటే చెట్టు ముఖ్యం
అరుదైన జీవులు బతకాలంటే మనుషులను దూరం పెట్టి కంచె వేయడమే మార్గమన్న వాదన పులులకు సరిపోతుందేమో గానీ, మా శ్రీకాకుళం జిల్లాలో చెల్లదు. తేలినీలాపురంలో పెలికాన్లు, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు గూళ్లు కట్టేది ఊళ్లో చెట్ల మీదే. కింద నేలంతా తెల్లటి రెట్టలు, ముక్కు మూసుకోవలసిన చేపల కంపు. అయినా జనం వాటిని తరమరు, అవి వస్తే వానలు వస్తాయని నమ్మకం. నమ్మకం మాట ఎలా ఉన్నా, కొంగలు పొలాల్లో నత్తలను ఏరి తింటాయి, అది రైతుకు లాభమే. 2018లో తిత్లీ తుపాను ఈ ప్రాంతంలో చెట్లను ఎలా కూల్చిందో చూశాం. కంచెకు పెట్టే డబ్బుతో చింత, రావి మొక్కలు నాటించి, పెరిగేదాకా నీళ్లు పోయించండి చాలు.