సెట్ అయితది సార్!

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు వాళ్ల మీద వరంగల్ తరఫున నాదొక ఫిర్యాదు. 1989లో 20 సంపుటాలుగా అచ్చయిన వాళ్ల రెండో కూర్పులో అన్నిటికంటే ఎక్కువ చోటు ఆక్రమించింది ‘సెట్’ అనే క్రియ. ఒంటరిగా ఉంటే 430 అర్థాలు, పక్కన తోడు మాటలు చేరితే మొత్తం 580. వివరించడానికి 60,000 మాటలు పట్టాయట. తర్వాత మూడో కూర్పు పని మొదలయ్యాక 2000లో ‘మేక్’ దాన్ని దాటేసింది, 2007లో ‘పుట్’ దాటేసింది, 2011లో ‘రన్’ 645 అర్థాలతో వచ్చి పీఠం ఎక్కింది. ఈ ఫలితాన్ని నేను ఒప్పుకోను. హన్మకొండ చౌరస్తాలో ఒక్క పూట నిలబడి విని ఉంటే ‘సెట్’ భారీ మెజారిటీతో గెలిచేది. లిస్టులోంచి మా ఓట్లన్నీ గల్లంతయ్యాయి.

నిజానికి ఈ మాటతో మాకు చిన్నప్పటి నుంచీ స్నేహం. బడిలో ఇంగ్లిష్ సారు క్రియల మూడు రూపాలు బట్టీ పట్టించేవారు. గో–వెంట్–గాన్ దగ్గర తడబడి చేతి మీద దెబ్బలు తిన్నవాళ్లం, సెట్–సెట్–సెట్ రాగానే గొంతు పెంచి అరిచేవాళ్లం. ఏ కాలంలోనూ మారని పెద్దమనిషి! ఆ సంబరం పైక్లాసులకు వెళ్లేదాకే. అక్కడ దాని పక్కన చిన్నచిన్న ముక్కలు వచ్చి కూర్చున్నాయి. ‘ఆఫ్’ చేరితే బయల్దేరడమట, అదే ‘ఆఫ్’తో బాంబు పేల్చడం కూడానట. ‘ఇన్’ చేరితే ముసురు పట్టినట్టు. ‘బ్యాక్’ చేరితే పని వెనకబడినట్టు, ఒక్కోసారి జేబుకు చిల్లు పడినట్టు. ‘అసైడ్’ అంటే పక్కన పెట్టడం, కోర్టులో అయితే తీర్పును కొట్టేయడం. ‘అప్’ వెనక నిలబడితే ఏర్పాటు చేయడం, ముందుకొచ్చి నిలబడితే ఉన్న ఏర్పాటు కాస్తా బోల్తా పడి అప్‌సెట్. మన దగ్గర ‘సెటప్’కు ఇంకో అర్థం కూడా ఉంది కానీ, ఇంటిల్లిపాదీ చదివే చోట రాయను. తెలిసినవాళ్లు నవ్వుకుంటే చాలు.

పుట్టుక చూస్తే ‘సిట్’ కూర్చోవడం, ‘సెట్’ కూర్చోబెట్టడం. అంటే మన ‘పెట్టు’కు వరసకు అన్న. మన పెట్టు మాత్రం తక్కువ తిందా? అన్నం పెడుతుంది, బొట్టు పెడుతుంది, పేరు పెడుతుంది, తాకట్టు పెడుతుంది, అవసరమైతే నామం కూడా పెడుతుంది. కానీ దానికో బలహీనత ఉంది. నామం పెట్టారంటే పెట్టినవాడెవడని ఊరంతా అడుగుతుంది. ‘సెట్’తో ఆ బాధ లేదు. ఇంగ్లిష్ వాడు దానికి డజను తోకలు తగిలించాడు. మనం రెండే తగిలించాం: ‘చేయి’, ‘అవు’. అందులో ‘చేయి’ని ఎవరూ పెద్దగా ముట్టుకోరు. సెట్ చేస్తానంటే చేయాల్సి వస్తుంది. సెట్ అయితదంటే ఎవరూ ఏమీ చేయక్కర్లేదు.

ఈ జ్ఞానం నాకు మా వంటింటి నల్లా దగ్గర కలిగింది. అది కారుతోందని ఒక కుర్రాణ్ని పిలిపించాం. వచ్చాడు, విప్పాడు, వాషర్‌ను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు, మరకు తెల్ల టేపు చుట్టాడు, బిగించాడు. ముగ్గురం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. నల్లా మూతి దగ్గర ఒక చుక్క మెల్లగా లావెక్కి, ఆలోచించి, టప్పున పడింది.

“ఏం ఫికర్ చెయ్యకుర్రి సార్, సెట్ అయితది” అన్నాడు.

“ఎప్పుడు తమ్మీ?”

“అదే సెట్ అయితది.”

వాక్యానికి కర్త, కర్మ, క్రియ ఉండాలని వ్యాకరణం చెబుతుంది. ఇందులో కర్త లేడు, క్రియ జరగలేదు, కర్మ నాది. నేనిచ్చిన 300 మాత్రం అతని జేబులో అప్పటికప్పుడే సెట్ అయ్యాయి. మా ఆవిడ నల్లా కింద స్టీలు గిన్నె పెట్టింది.

దీని వ్యతిరేక రూపం ఇంకా గొప్పది. మా అన్న బిడ్డను చూసుకోవడానికి ఒక ఆదివారం తొమ్మిది మంది వచ్చారు. మిర్చీలు రెండు వాయిలు అయిపోయాయి, చాయ్ తాగారు, మేడ మీదికెక్కి ప్లాటు కొలతలు కూడా అడిగారు. నాలుగు రోజులకు మధ్యవర్తి ఫోను: “వాళ్లకు సెట్ కాలే బావా.” పిల్ల నచ్చలేదా? కట్నం చాల్లేదా? గల్లీ ఇరుకైందా? అడగడానికి వీల్లేదు. ఎవరూ ఎవర్నీ కాదనలేదు, అది సెట్ కాలేదు, అంతే. ఇంత మర్యాదగా తలుపేసే మాట మనకు పూర్వం ‘జాతకాలు కలవలేదు’ ఒక్కటే ఉండేది. దానికైనా పాపం పంతులుగారి తల మీద కొంత బరువుండేది.

మా మేనమామ మిర్చి బస్తాలేసుకుని యార్డుకు పోయొచ్చి, “రేటు సెట్ అయింది అల్లుడా” అన్నాడు. ఎవరు సెట్ చేశారు మామా అంటే, “ఏమో, నేను పొయ్యేటాల్లకే అయ్యుండె.”

ఎంసెట్, ఐసెట్, లాసెట్, ఎడ్‌సెట్ సంగతి వేరు. ఇంగ్లిష్‌లో ఆ ‘సెట్’ అక్షరాలే వేరు, కామన్ ఎంట్రన్స్ టెస్ట్‌ను పొట్టి చేసిన రూపం. మన లిపి మాత్రం కులగోత్రాలడగకుండా ఇద్దర్నీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టింది. ఐసెట్‌ను ఏళ్ల తరబడి నడిపిన కాకతీయ యూనివర్సిటీ మా ఊళ్లోనే ఉంది కాబట్టి ఈ మాట మీద మాకు హక్కు ఎక్కువే. 2024లో ఎంసెట్‌ను ఈఏపీసెట్ అన్నారు. ముందర ఎన్ని అక్షరాలు మార్చినా చివర సెట్ కదల్లేదు. ‘మావోనికి ఎంసెట్ సెట్ కాలే’ అనే వాక్యాన్ని ఆక్స్‌ఫర్డ్ పండితులు ఎలా విడదీస్తారో చూడాలని ఉంది.

‘చేయి’ కనబడే చోటు లేదనను. రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పారు. తిరిగి నిలబెట్టి తెరిచింది 2024 మార్చిలో. ఆ మధ్యలో పుట్టిన పిల్లలు ఇంటర్‌కొచ్చారు. ఆలస్యం సంగతి ఎలా ఉన్నా, అక్కడ ఒక్కో రాయిని మనుషులు ఎత్తి, చూసి, సెట్ చేశారు. రాళ్లు వాటంతట అవి సెట్ కాలేదు. చౌరస్తాలో ఈ మాటంటే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

రెండు నెలలకు కుర్రాడికి మళ్లీ ఫోన్ చేశాను. ఇంకా కారుతోంది తమ్మీ అన్నాను.

“మీది బోరు నీళ్లు కదా సార్. దాంట్ల సున్నం ఉంటది. కొన్నొద్దులు పోతే అదే పట్టేస్తది. నేను అప్పుడే చెప్తి గదా, సెట్ అయితదని.”

కోపంతో పెట్టేశాను కానీ, నిఘంటువు తిరగేస్తే అతని ప్రయోగం తప్పు కాదు. సిమెంటు గట్టిపడటాన్ని కూడా ఇంగ్లిష్‌లో ‘సెట్’ అనే అంటారు, దానికి కర్త అవసరం లేదు. దసరాకు నాలుగు రోజుల ముందు, ఒక పొద్దున లేచి చూస్తే గిన్నె పొడిగా ఉంది. చుక్క ఆగిపోయింది. సంబరంగా నల్లా తిప్పాను. నీళ్లు కూడా ఆగిపోయాయి.