ముందు గేర్‌బాక్స్, ఆ తర్వాతే ఇంజిన్

అమెరికాలో అమ్మే, కమిన్స్ డీజిల్ ఇంజిన్‌తో వచ్చే రామ్ హెవీ డ్యూటీ పికప్‌లలో ఏళ్ల తరబడి ఉన్న రెండు ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లు 2025 మోడల్‌తో ఒకేసారి సెలవు తీసుకున్నాయి. రామ్ సొంత 68ఆర్‌ఎఫ్‌ఈ పోయింది, జపాన్ కంపెనీ ఐసిన్ చేసిన ఏఎస్69ఆర్‌సీ కూడా పోయింది. వాటి చోట జర్మనీ కంపెనీ జెడ్‌ఎఫ్ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ కూర్చుంది. కొనేవాళ్ల మాటలన్నీ ఇంజిన్ 430 హార్స్‌పవర్, 1,075 పౌండ్-ఫీట్ల టార్క్ (తిప్పే బలం) చుట్టూనే తిరుగుతున్నాయి. నిజానికి ఈ ట్రక్కులో వచ్చిన అసలు మార్పు గేర్‌బాక్సే. బరువైన ట్రైలర్ లాగడానికి పికప్ కొనేవాళ్లు, ఉన్న ట్రక్కుకు గట్టి ఆటోమేటిక్ వేయించాలనుకునేవాళ్లు ముందు చూడాల్సింది అదే.

ఎందుకంటే బ్రోచర్‌లో ఇంజిన్ పేరు మీద అచ్చేసే టార్క్ అంకె, వెనకున్న గేర్‌బాక్స్ మోయగలిగిన హద్దును బట్టి పెట్టినది. 2013 రామ్‌ను చూడండి. అదే 6.7 లీటర్ల కమిన్స్. ఆరు గేర్ల మాన్యువల్‌తో కొంటే 660 పౌండ్-ఫీట్లు. 68ఆర్‌ఎఫ్‌ఈ ఆటోమేటిక్‌తో 800. ఐసిన్‌తో 850. 2018 నాటికి ఐసిన్ వెనకుంటే 930 ఇచ్చారు, మిగతా రెండూ ఉన్నచోటే ఉన్నాయి. 2019లో 68ఆర్‌ఎఫ్‌ఈకి 850, ఐసిన్‌కి 1,000. సాఫ్ట్‌వేర్‌లో ఇంధనాన్ని ఎక్కడ బిగపట్టాలో కంపెనీ నిర్ణయించింది, ఆ నిర్ణయానికి కొలత గేర్‌బాక్స్. ఇది అమెరికా ముచ్చటే అనుకోనక్కర్లేదు. మన దేశంలో అమ్మే టొయోటా హైలక్స్ 2.8 డీజిల్ మాన్యువల్‌తో 420 ఎన్‌ఎం (న్యూటన్ మీటర్లు), ఆటోమేటిక్‌తో 500 ఎన్‌ఎం. ఆటోమేటిక్ అంటే సుకుమారం, మాన్యువల్ అంటే మొండిది అనే పాత నమ్మకానికి ఈ ఒక్క అంకె చాలు జవాబు.

ఈ సంగతి అర్థమైతే ట్యూన్ (పవర్ పెంచడానికి ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చడం) అంటే అసలు ఏమిటో కూడా అర్థమవుతుంది. 68ఆర్‌ఎఫ్‌ఈ ట్రక్కుకు వంద హార్స్‌పవర్ పెంచే ట్యూన్ వేయించారంటే, కంపెనీ గేర్‌బాక్స్ కోసం పెట్టిన ఫ్యూజును పీకి అక్కడ తీగముక్క పెట్టినట్టే. ఇంజిన్‌కు ఏమీ కాదు. ముందు పోయేది గేర్‌బాక్స్ లోపలి ఓవర్‌డ్రైవ్ క్లచ్ ప్యాక్, అంటే పై గేర్లను పట్టి ఉంచే ప్లేట్ల దొంతర.

అదే ఎందుకు పోతుందో వివరంగా చూడాలి. 68ఆర్‌ఎఫ్‌ఈలో నాలుగు, ఐదు, ఆరు గేర్లు మూడింటిలోనూ ఓవర్‌డ్రైవ్ క్లచ్ పట్టి ఉండాల్సిందే. అంటే హైవే మీద ట్రైలర్ లాగే ప్రయాణంలో దాదాపు మొత్తం భారం దాని మీదే. ఈ డీజిల్‌కు గరిష్ఠ టార్క్ సుమారు 1,600-1,800 ఆర్‌పీఎంలో వస్తుంది. క్లచ్‌లను నొక్కిపట్టే ఆయిల్ పంపు తిరిగేది ఇంజిన్‌తోనే కాబట్టి, ఆ తక్కువ వేగంలో అది తోసే ఆయిల్ కూడా తక్కువే. ఆ సమయంలో లోపల ఎక్కడ చిన్న లీకు ఉన్నా లైన్ ప్రెషర్ (క్లచ్‌లను నొక్కే ఆయిల్ ఒత్తిడి) పడిపోతుంది. ఆ లీకులు ఎక్కడో మెకానిక్కులందరికీ తెలుసు: ఆయిల్‌ను దారులు మళ్లించే వాల్వ్ బాడీలోని పలుచటి ప్లేటు ప్రెషర్‌కు వంగి ఒక దారిలోని ఆయిల్‌ను పక్క దారిలోకి వదులుతుంది, ఆయిల్ దెబ్బను మెత్తబరిచే అక్యుమ్యులేటర్‌లోని ప్లాస్టిక్ పిస్టన్లు పగులుతాయి. పట్టు సడలిన క్లచ్ జారుతుంది, జారితే వేడెక్కుతుంది, వేడెక్కితే లైనింగ్ మాడుతుంది. మాడిన పొడి, ఆయిల్‌ను కరెంటుతో ఆపి వదిలే సొలినాయిడ్లలోకి చేరితే మిగతా క్లచ్‌ల పట్టు కూడా పోతుంది. ఓవర్‌డ్రైవ్ ప్రెషర్ తేడాను చెప్పే పీ0871 కోడ్ వెలిగేసరికి చాలాసార్లు పని అయిపోయే ఉంటుంది.

కాబట్టి కోడ్ వచ్చేదాకా ఆగకండి. బండి కంప్యూటర్‌ను చదివే స్కాన్ టూల్ పెట్టి, లాకప్ (ఇంజిన్‌నూ గేర్‌బాక్స్‌నూ నేరుగా కలిపే క్లచ్) పట్టిన తర్వాత ఎగుడు దారిలో ఇంజిన్ ఆర్‌పీఎంనూ గేర్‌బాక్స్ ఇన్‌పుట్ వేగాన్నీ పక్కపక్కనే చూడండి. రెండూ ఒకటిగా ఉండాలి. ఇంజిన్ వేగం పైకి పోతుంటే జారుతున్నది, ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్‌లోని లాకప్ క్లచ్. అవి రెండూ కలిసి ఉండి ఇన్‌పుట్, అవుట్‌పుట్ వేగాల లెక్క తప్పుతుంటే లోపలి క్లచ్. ఐదో గేరు నిష్పత్తి 0.82: ఇన్‌పుట్ 1,640 తిరిగితే అవుట్‌పుట్ 2,000 ఉండాలి. ఆరో గేరు 0.63: ఇన్‌పుట్ 1,260కి అవుట్‌పుట్ 2,000. ఇంకా, ఈ గేర్‌బాక్స్ కంప్యూటర్ ఒక్కో క్లచ్‌ను నింపడానికి ఎంత ఆయిల్ పడుతోందో లెక్క రాసుకుంటుంది, దాన్ని క్లచ్ వాల్యూమ్ ఇండెక్స్ అంటారు. ఓవర్‌డ్రైవ్ అంకె పెరుగుతూ పోతోందంటే ప్లేట్లు అరుగుతున్నాయని అర్థం. సెకండ్ హ్యాండ్ రామ్ కొనేవాళ్లు టైర్లు తన్ని చూసే ముందు ఈ అంకె చూడాలి.

ఇక గట్టిది వేయించడం దగ్గరికొద్దాం. ఇప్పటికే 68ఆర్‌ఎఫ్‌ఈ ట్రక్కు ఉన్నవాళ్లు దాన్నే బలంగా కట్టించుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. అయితే అన్నీ ఒకే విడతలో కావాలి. చాలామంది ముందు మూడు ప్లేట్ల లాకప్ కన్వర్టర్ ఒక్కటే బిగిస్తారు. అప్పటిదాకా కన్వర్టర్‌లో జారి వృథా అవుతున్న టార్క్ ఇప్పుడు పూర్తిగా లోపలికి వెళ్తుంది, బలహీనమైన ఓవర్‌డ్రైవ్ క్లచ్ వెంటనే లొంగిపోతుంది. ఇంకొందరు సాఫ్ట్‌వేర్‌తో లైన్ ప్రెషర్ మాత్రం పెంచుతారు. పాత పలుచటి ప్లేటు మరింత వంగి లీకు పెరుగుతుంది తప్ప క్లచ్‌కు చేరేది పెరగదు. పద్ధతి ఇది: మందపాటి ప్లేటు, లోహపు అక్యుమ్యులేటర్ పిస్టన్లతో వాల్వ్ బాడీ. ఎక్కువ ప్లేట్లు పట్టేలా, ఒత్తిడికి వంగని డ్రమ్ముతో ఓవర్‌డ్రైవ్, (కింది గేర్లను పట్టే) అండర్‌డ్రైవ్ ప్యాక్‌లు. రేకు వత్తి చేసింది కాకుండా లోహపు దిమ్మను చెక్కి చేసిన (బిల్లెట్) ముందు కవరున్న కన్వర్టర్, ఎందుకంటే పెరిగిన ప్రెషర్‌కు రేకు కవరు ఉబ్బితే లాకప్ ప్లేటు అంచు మాత్రమే ఆనుతుంది. ఇంజిన్‌నూ కన్వర్టర్‌నూ కలిపే ఫ్లెక్స్‌ప్లేట్‌లో పగుళ్లు ఉన్నాయేమో చూసి మార్చడం. చివర్లో ఈ భాగాలన్నిటికీ సరిపోయే ట్రాన్స్‌మిషన్ సాఫ్ట్‌వేర్, దాంతోపాటు కొత్త క్లచ్‌ల తీరును కంప్యూటర్‌కు నేర్పించే క్విక్ లెర్న్. ఇంజిన్ ట్యూన్ ఉంటే అది వీటన్నిటి తర్వాతే.

గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లార్చే కూలర్ సంగతి విడిగా చెప్పాలి, ఎక్కువగా బేరమాడేది అక్కడే కనుక. పాత గేర్‌బాక్స్ మాడిపోయి ఉంటే కూలర్ మార్చి తీరాలి. సన్నటి దారుల్లో ఇరుక్కున్న క్లచ్ పొడి ఎంత ఫ్లష్ చేసినా పూర్తిగా రాదు, కొత్త గేర్‌బాక్స్‌లోకి మెల్లగా దిగుతుంది. సంప్ ఫిల్టర్, దాని పక్కనే ఉండే స్పిన్-ఆన్ ఫిల్టర్ రెండూ మార్చాలి. ఆయిల్ ఏటీఎఫ్+4 మాత్రమే. ఐసిన్‌కు వేరే ఆయిల్, ఒకదానిది ఇంకోదానిలో పోయకూడదు.

దీనికన్నా ఐసిన్ తెచ్చి మార్చుకుంటే ఒక్క దెబ్బతో పీడ వదులుతుంది కదా అనే వాదన ఉంది. ఐసిన్ బలాన్ని నేను కాదనను. మొదటి గేరు 68ఆర్‌ఎఫ్‌ఈలో 3.23 అయితే ఐసిన్‌లో 3.75, అంటే అదే యాక్సిల్‌తో బండి కదిలేటప్పుడు 16 శాతం ఎక్కువ లాగుడు. (రివర్స్‌లో మాత్రం 68ఆర్‌ఎఫ్‌ఈదే పైచేయి: 4.44, ఐసిన్‌కు 3.54.) రామ్‌లలో పెద్దదైన 3500లో కంపెనీ నుంచే ఐసిన్‌తో వచ్చిన, ట్యూన్ ముట్టని ట్రక్కు దొరికితే నిస్సందేహంగా కొనండి. కానీ దానికన్నా చిన్న 2500లో కమిన్స్ పక్కన కంపెనీ ఏనాడూ ఐసిన్ పెట్టలేదు. మార్చాలంటే కంట్రోల్ మాడ్యూల్, వైరింగ్, ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు, ఇంజిన్ కంప్యూటర్‌తో మాటామంతీ అన్నీ కొత్తగా కుదరాలి. పైగా పవర్ పెంచితే ఐసిన్‌కు మార్కెట్లో దొరికే బలమైన భాగాలు 68ఆర్‌ఎఫ్‌ఈకి దొరికేవాటితో పోలిస్తే చాలా తక్కువ.

పేరు చూసి మోసపోయే ప్రమాదం జీఎం (జనరల్ మోటార్స్) ట్రక్కుల్లో ఇంకా ఎక్కువ. 2001లో డ్యూరామాక్స్ డీజిల్ ఇంజిన్‌తో వచ్చిన అలిసన్ 1000 గేర్‌బాక్స్ సంపాదించిన మంచిపేరు చిన్నది కాదు. అయితే 2020 నుంచి అదే అలిసన్ బ్యాడ్జితో వస్తున్న పది గేర్ల పెట్టెను తయారు చేసేది జీఎం. 2020-22 డీజిల్ ట్రక్కుల్లో దాని కంట్రోల్ వాల్వ్ అరిగి ప్రెషర్ పడిపోయి, వెనక చక్రాలు క్షణంపాటు బిగుసుకుపోవచ్చని 2024లో రీకాల్ చేశారు. ఇక్కడా మూలం ప్రెషరే. గేర్లు ఎన్ని అన్నది దీని తర్వాతి ప్రశ్న.

గట్టి గేర్‌బాక్స్ వేయించుకున్నా నడిపే తీరు మారకపోతే ఫలితం ఉండదు. బరువుతో ఉన్నప్పుడు టో/హాల్ (బరువు లాగే మోడ్) నొక్కి, ఎగుడులో ఆరో గేరును లివర్ మీటతో ఆపేయండి. ఇంజిన్ వేగం పెరిగితే పంపు వేగమూ పెరుగుతుంది. రివర్స్‌లో లాకప్ పట్టదు. కాబట్టి బరువైన ట్రైలర్‌ను మిట్ట మీదికి వెనక్కి తోస్తే కన్వర్టర్‌లో ఆయిల్ నిమిషాల్లో మరుగుతుంది. మట్టి నేలైతే ఫోర్-లో (నాలుగు చక్రాలకూ తక్కువ గేరు) వేయండి.

ఇవన్నీ ట్రక్కు కొన్నాక, పాడయ్యాక నేర్చుకోవాల్సి రావడమే నా అసలు అభ్యంతరం. ఇంజిన్ టార్క్‌ను అంత పెద్ద అక్షరాల్లో అచ్చేసే కంపెనీలు, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ టార్క్ హద్దును ఆ పక్కనే ఎందుకు వేయవు? మన దగ్గర పరిస్థితి ఇంకా అన్యాయం. మాన్యువల్ క్లచ్‌కే మోటారు తగిలించిన ఏఎంటీ, బెల్టు మీద నడిచే సీవీటీ, రెండు క్లచ్‌ల డీసీటీ, టార్క్ కన్వర్టర్: నాలుగింటి బలం వేరు, బలహీనత వేరు, రిపేరు ఖర్చు వేరు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో పాకుతూ పోయే బండిలో డ్రై క్లచ్ డీసీటీ వేడెక్కే తీరుకూ టార్క్ కన్వర్టర్ తట్టుకునే తీరుకూ పోలికే లేదు. షోరూములో నాలుగింటినీ ‘ఆటోమేటిక్’ అన్న ఒక్క మాటతోనే అమ్ముతున్నారు. గేర్‌బాక్స్ రకం, దాని టార్క్ హద్దు, ఆయిల్ మార్చాల్సిన కిలోమీటర్లు కూడా బ్రోచర్‌లో ఉండి తీరాలన్న నిబంధన రావాలి. అది వచ్చేదాకా అడ్వాన్సు కట్టే ముందు ఈ మూడింటినీ సేల్స్ మేనేజర్‌తో కాగితం మీద రాయించుకోండి. ‘లైఫ్‌టైమ్ ఆయిల్’ అని రాసిస్తే ఆ లైఫ్‌టైమ్ ఎన్ని కిలోమీటర్లో అంకెల్లో రాయమనండి.