పోక్సో కోర్టులో పాప తరఫు లాయరెవరు?

పిల్లల మీద అఘాయిత్యం జరిగిందన్న వార్త వచ్చినప్పుడల్లా రెండే డిమాండ్లు వినిపిస్తాయి. ఉరి తీయాలి, ఫాస్ట్‌ట్రాక్ కోర్టు పెట్టాలి. నిజానికి రెండూ వచ్చి చాలా కాలమైంది. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టంలోకి 2019 సవరణతో మరణశిక్ష వచ్చింది, అతి తీవ్రమైన నేరాలకు కనీస శిక్ష 20 ఏళ్లకు పెరిగింది. అదే ఏడాది జూలైలో సుప్రీంకోర్టు, వందకు పైగా పోక్సో కేసులున్న ప్రతి జిల్లాలో కేంద్రం ఖర్చుతో ప్రత్యేక కోర్టు పెట్టమని ఆదేశించింది. శిక్షలున్నాయి, కోర్టులున్నాయి. ఆ కోర్టులో కేసు నడపాల్సిన మనిషి గురించే ఎవరూ మాట్లాడరు. ఆ మనిషి ప్రభుత్వ లాయరు.

పోక్సో చట్టం 32వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రత్యేక కోర్టుకూ రాష్ట్ర ప్రభుత్వం ఒక స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ను (స్పెషల్ పీపీ) నియమించాలి. ఆయన ఈ చట్టం కింద వచ్చే కేసులే చూడాలి. అర్హత? లాయరుగా ఏడేళ్ల ప్రాక్టీసు. ఆ ఏడేళ్లూ భూమి తగాదాలు నడిపినా, చెక్ బౌన్స్ కేసులు నడిపినా చట్టానికి అభ్యంతరం లేదు. భయపడిపోయిన చిన్నపిల్లతో ఎలా మాట్లాడాలో తెలిసి ఉండాలని మాత్రం అర్హతల్లో ఎక్కడా లేదు. కింది కోర్టుల్లో పనిచేసే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లు (ఏపీపీలు) పరీక్ష రాసి, ఎంపికై వచ్చిన ఉద్యోగులు. ఈ స్పెషల్ పీపీ కుర్చీ చాలాచోట్ల ఒక జీవోతో వస్తుంది, గడువు తీరగానే పోతుంది. ప్రభుత్వం మారితే గవర్నమెంట్ ప్లీడర్లు (జీపీలు), పీపీలు మారిపోవడం మనకేమీ కొత్త కాదు. పిల్లల కేసుల్లో నాలుగు మెలకువలు నేర్చుకునేసరికి కుర్చీలోకి కొత్త మనిషి వస్తాడు. పాత కట్టలన్నీ ఆయన మళ్లీ మొదటి పేజీ నుంచి చదువుకోవాలి.

దీని ఫలితం ఏమిటో పాప సాక్ష్యం చెప్పే రోజున జిల్లా కోర్టుకు వెళ్తే కనిపిస్తుంది. తొమ్మిదేళ్ల పాప అనుకుందాం. ఘటన జరిగినప్పుడు మూడో తరగతి, ఇప్పుడు ఐదు. కోర్టు మెట్లు ఎలా ఉంటాయో తెలియని తల్లిదండ్రులు పొద్దున్నే బస్సెక్కి వచ్చారు. కోర్టు కానిస్టేబుల్ వాళ్లను వరండాలో ఒక మూల కూర్చోబెట్టాడు. పీపీ లోపల బెయిల్ పిటిషన్ మీద వాదిస్తున్నారు. ఆయన బయటకొచ్చి, కేసు డైరీ ఫైల్ తిరగేస్తూ, మేజిస్ట్రేట్ దగ్గర పాప ఇచ్చిన వాంగ్మూలం మీద కళ్లు పరిగెత్తిస్తారు. "ఏ క్లాసమ్మా నువ్వు? జడ్జిగారు అడిగినవాటికి జరిగింది జరిగినట్టు చెప్పు, భయపడకు" అంటారు. పరిచయం అంతే. ఇంతలో లోపలి నుంచి పిలుపు.

కోర్టులో చట్టం చాలా జాగ్రత్తలే పెట్టింది. తలుపులు వేసి విచారణ జరపాలి. ముద్దాయి పాపకు కనపడకూడదు. లాయర్లెవరూ పాపను నేరుగా ప్రశ్నించకూడదు, ప్రశ్న జడ్జికి చెబితే ఆయనే పాపను అడగాలి. మధ్యలో విరామాలివ్వాలి. జడ్జి ముందుగా ఏ స్కూలు, మీ టీచర్ పేరేంటి, అబద్ధం చెప్పడం మంచిదా చెడ్డదా అని అడుగుతారు. పాప బాగానే చెబుతుంది. అసలు సంగతికి వచ్చేసరికి "నన్ను పాడు పని చేశాడు" అని తల దించేసుకుంటుంది.

చట్టానికి ఆ మాట చాలదు. పన్నెండేళ్ల లోపు పిల్లల విషయంలో జరిగింది లోపలికి చొచ్చుకుపోయిన దాడి అని రుజువైతే కనీసం 20 ఏళ్ల శిక్ష. కేవలం తాకడమే అయితే ఐదు నుంచి ఏడేళ్లు. ఆ తేడా పాప నోటి నుంచే రావాలి. సమాధానం నోటికందించే ప్రశ్నలు ప్రాసిక్యూటర్ వేయడానికి వీల్లేదు. అలాంటప్పుడు విరామం అడగాలి, పాపకు మంచినీళ్లు తాగించాలి, ప్రశ్నను ఇంకోరకంగా, ఆ వయసు పిల్లకు అర్థమయ్యేలా పెట్టి జడ్జికి అందించాలి. పాపతో ముందే ఒకటి రెండుసార్లు కూర్చున్న లాయరుకు ఆమె ఎక్కడ ఆగిపోతుందో తెలుస్తుంది. వరండాలో రెండు నిమిషాలు చూసినాయనకు ఎలా తెలుస్తుంది?

ముందే కూర్చుంటే ఇంకో చిక్కుంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ముద్దాయి తరఫు లాయరు వేసే మొదటి ప్రశ్న దాని మీదే ఉంటుంది: "పీపీగారు చెప్పమన్నట్టే చెబుతున్నావు కదా?" ఈ భయంతోనే కొందరు ప్రాసిక్యూటర్లు పాపతో ముందు మాట్లాడడం మానేస్తారు. నా ఉద్దేశంలో ఇది తప్పు లెక్క. పాపకు కోర్టు గది చూపించడం, ఎవరెక్కడ కూర్చుంటారో చెప్పడం, 'తెలియదు' అనీ 'గుర్తులేదు' అనీ చెప్పొచ్చని ధైర్యమివ్వడం సాక్ష్యం నేర్పించడం కాదు.

ఇంతకన్నా కష్టమైంది ఇంకొకటుంది. ఈ కేసుల్లో ముద్దాయి ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి కావడం అరుదు. నూటికి తొంభైకి పైగా కేసుల్లో తెలిసినవాడే. పక్కింటివాడు, ట్యూషన్ మాస్టారు, బాబాయి, మారుతండ్రి, ఒక్కోసారి కన్నతండ్రి. ఎఫ్‌ఐఆర్ అయిన రోజున కోపంతో ఊగిపోయిన కుటుంబం సాక్ష్యం రోజుకు చల్లబడిపోతుంది. ఈలోపు పెద్దమనుషులు కూర్చుని ఉంటారు. చట్ట ప్రకారం ఈ కేసుల్లో రాజీకి తావే లేదు, అందుకే రాజీ అని ఎవరూ అనరు. తల్లి బోనెక్కి "నాకేమీ తెలియదండీ, పోలీసులు తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు" అంటుంది. ముద్దాయి భర్తే అయితే ఆయన 20 ఏళ్లు లోపలుంటే ఇల్లెలా గడవాలన్నది ఆమె సమస్య. మనం శిక్ష పెంచిన కొద్దీ ఆమె భయమూ పెరిగింది. 2019లో శిక్షలు పెంచినప్పుడు ఈ ఇల్లాలి గురించి ఎవరైనా ఆలోచించారా అంటే అనుమానమే.

తర్వాత పాప కూడా "ఏమీ జరగలేదు" అంటుంది. అప్పుడు ప్రాసిక్యూటర్ ఏం చేయాలి? మేజిస్ట్రేట్ ముందు ఇచ్చిన వాంగ్మూలం దానంతటదే సాక్ష్యం కాదు, కోర్టులో చెప్పిందే సాక్ష్యం. మామూలు కేసులో అయితే సాక్షి ఎదురు తిరిగాడని (హాస్టైల్) ప్రకటింపజేసి క్రాస్ చేస్తారు. ఇక్కడ క్రాస్ చేయాల్సింది తొమ్మిదేళ్ల పిల్లను. నువ్వు అప్పుడు అలా చెప్పావా లేదా అని, తన తరఫున నిలబడ్డాడనుకున్న లాయరే, జడ్జి ద్వారానే అయినా, గుచ్చి గుచ్చి అడుగుతుంటే పాపకు ఏమర్థమవుతుంది?

ఇక్కడ ఒక సంగతి తేటగా చెప్పుకోవాలి. పీపీ పాప లాయరు కాదు, రాజ్యం లాయరు. ఎలాగైనా శిక్ష వేయించాలన్న తహతహ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు ఉండకూడదని, ముద్దాయికి అనుకూలమైన విషయం ఉంటే అదీ కోర్టు ముందు పెట్టాలని సుప్రీంకోర్టు 1999లోనే శివకుమార్ వర్సెస్ హుకుంచంద్ కేసులో చెప్పింది. అది సబబే. కానీ ఆ మాట పాప కుటుంబానికి ఎవరూ చెప్పరు. సొంతంగా లాయరును పెట్టుకునే హక్కు, స్తోమత లేకపోతే లీగల్ సర్వీసెస్ అథారిటీ నుంచి ఉచితంగా పొందే హక్కు పోక్సో 40వ సెక్షన్‌లో ఉంది. వరండాలో కూర్చున్న ఆ తల్లిదండ్రుల్లో ఎంతమందికి అది తెలుసు?

మరోవైపు, పాప గురించి నిజంగా తెలిసిన ప్రభుత్వ లాయరు ఇంకొకరున్నారు, జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో. ఆ పోస్టు పేరు లీగల్ కమ్ ప్రొబేషన్ ఆఫీసర్. కేంద్రం పిల్లల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద నడిచే కాంట్రాక్ట్ ఉద్యోగం. బాలల సంక్షేమ కమిటీ (సీడబ్ల్యూసీ) ముందుకు వచ్చే పిల్లల కాగితాలు చూసేది, నష్టపరిహారం దరఖాస్తు కదిలించేది, ఇంట్లో పరిస్థితి ఏమిటో వాకబు చేసేది వాళ్లే. తల్లి మీద ఎవరు ఒత్తిడి తెస్తున్నారో పీపీ కంటే ముందు వాళ్లకే తెలుస్తుంది. కానీ కోర్టులో వాదించే పని వాళ్లది కాదు. పీపీ హోం శాఖ వైపు మనిషి, ఈ ఆఫీసర్ మహిళా శిశు సంక్షేమ శాఖ. ఒకే పాప కేసు చూసే ఇద్దరు లాయర్లు ఆ కేసు గురించి ఒక్కసారైనా కూర్చుని మాట్లాడుకోవాలని ఏ నిబంధనా లేదు. ఇద్దరి మధ్య వారధిగా ఉండగలిగిన సపోర్ట్ పర్సన్ 2020 పోక్సో నిబంధనల్లో ఉన్నారు. సీడబ్ల్యూసీ నియమించాలి, కేసు పూర్తయ్యేదాకా పాప వెంట ఉండాలి. దీన్ని తల్లిదండ్రుల ఇష్టాయిష్టాలకు వదిలేయొద్దని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చిందంటేనే అమలు సంగతి అర్థమవుతుంది.

పాప నిలబడి గట్టిగా చెప్పినా కేసు పోయే దారి ఇంకొకటుంది, వయసు. పదిహేను, పదహారేళ్ల అమ్మాయిల కేసుల్లో అంతా దీని మీదే ఆధారపడుతుంది. మన ఊళ్లలో బడి రిజిస్టర్లు చూస్తే ఊళ్లో సగం మంది జూన్‌లోనే పుట్టారా అనిపిస్తుంది. బళ్లో వేసే రోజున మాస్టారు లెక్క సరిపోయేలా ఒక తేదీ వేసుకున్నారు. అంతే కదా! కోర్టులో అదే తేదీ మీద 20 ఏళ్ల శిక్ష ఆధారపడుతుంది. స్కూలు టీసీ ఒక్కటే పెడితే వయసు రుజువైనట్టు కాదని 2023 జూలైలో సుప్రీంకోర్టు పి. యువప్రకాశ్ కేసులో తేల్చి, పోక్సో శిక్ష కొట్టేసింది. అంటే చార్జిషీటు దశలోనే ఎవరో ఒకరు పోలీసులకు "టీసీ కాదయ్యా, స్కూలు నుంచి పుట్టినతేదీ సర్టిఫికెట్ తెండి, లేకపోతే పంచాయతీ సర్టిఫికెట్ తెండి" అని చెప్పాలి. చెప్పాల్సింది ప్రాసిక్యూటరే. ఈ నేరాల్లో రెండు నెలల్లో దర్యాప్తు పూర్తి చేయాలని సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టం 193వ సెక్షన్ అంటోంది. ఆ హడావిడిలో ఫైలు ప్రాసిక్యూటర్ బల్ల మీద ఎంతసేపు ఉంటుందో ఊహించుకోవచ్చు.

వేగం అసాధ్యం కాదని చెప్పడానికి అందరూ హన్మకొండ కేసు చూపిస్తారు. 2019 జూన్‌లో తొమ్మిది నెలల పసికందు మీద ఘోరం జరిగితే ఆగస్టులోనే వరంగల్ కోర్టు మరణశిక్ష వేసింది. నవంబర్‌లో హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది. ఆ కేసులో పోలీసులు, ప్రాసిక్యూషన్ చేసిన పని మెచ్చుకోదగ్గదే. అయితే అక్కడ సాక్ష్యం చెప్పింది పెద్దవాళ్లు. రాష్ట్రం దృష్టంతా ఆ కేసు మీదే ఉంది. టీవీకెక్కని, పాపే సాక్షిగా నిలబడాల్సిన, మేనమామ ముద్దాయిగా ఉన్న కేసుకు దాన్ని కొలమానంగా పెట్టలేం.

పనికొచ్చే నమూనా హైదరాబాద్‌లోనే ఉంది. 2016లో పోలీసులు భరోసా కేంద్రం మొదలుపెట్టారు. వాంగ్మూలం, వైద్య పరీక్ష, కౌన్సెలింగ్ కోసం పాపను నాలుగు ఆఫీసుల చుట్టూ తిప్పకుండా ఒకే కప్పు కిందకు తేవాలన్నది ఆలోచన. 2018లో దానికి అనుబంధంగా పిల్లలకు అనువైన కోర్టు వచ్చింది. బొమ్మలూ రంగుల గోడలూ బాగున్నాయి కానీ, అక్కడ నిలబడే లాయరు ఏడాదికోసారి మారితే ఆ గోడల వల్ల ఒరిగేది తక్కువ.

స్పెషల్ పీపీ పోస్టును ఏపీపీల మాదిరిగా పరీక్ష పెట్టి భర్తీ చేయాలి. కనీసం ఐదేళ్లు కదపకూడదు. సాక్ష్యానికి ముందు పాపను ఒకసారి, సపోర్ట్ పర్సన్ సమక్షంలో, కోర్టు రికార్డుకెక్కే పద్ధతిలో కలవడం తప్పనిసరి చేస్తే "నేర్పించారు" అన్న ఆరోపణకూ జవాబు దొరుకుతుంది. సాక్ష్యం రోజున ఆ ప్రాసిక్యూటర్‌కు బెయిల్ పిటిషన్లు పెట్టకూడదు. వీటిలో దేనికీ పార్లమెంటు సవరణ అక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ హోం శాఖ ఒక జీవో, హైకోర్టు ఒక సర్క్యులర్ ఇస్తే చాలు.