‘నీ మంచికే’ అన్న బడి

మన ఇళ్లలో అక్షరాభ్యాసమంటే బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని, పళ్లెంలో బియ్యం పోసి, వేలు పట్టి దిద్దించడం. అమెరికా ఆదివాసీ పిల్లలకు మాత్రం చదువు ఆ ఒడిలోంచి లాగెయ్యడంతో మొదలైంది.

1879లో పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో, పాత సైనిక బ్యారక్‌లలో బడి తెరిచినవాడు రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి. అంతకుముందు ఫ్లోరిడా కోటలో ఆదివాసీ యుద్ధఖైదీలకు కాపలా ఉంటూ వాళ్లకు ఇంగ్లిష్ చెప్పించాడు. ఖైదీల మీద చేసిన ఆ ప్రయోగమే పిల్లల బడికి నమూనా అయింది. ‘వాడిలోని ఇండియన్‌ను (అంటే ఆదివాసీని) చంపి, మనిషిని కాపాడండి’ అన్న ధోరణిలో అతను 1892లో చెప్పిన మాట ఇప్పటికీ అపఖ్యాతే.

ప్రాట్‌ను జాతిద్వేషి అని కొట్టిపారేస్తే మనకు పని తేలిక. కానీ ఆదివాసీలు పుట్టుకతోనే తక్కువవాళ్లని వాదించిన ఆనాటి పెద్దమనుషులతో అతను తగవు పడ్డాడు. తెల్లపిల్లలకున్న తెలివే వీళ్లకూ ఉంది, అవకాశమే లేదన్నాడు. అంటే బిడ్డలో లోపం లేదు, లోపమంతా అమ్మానాన్నల్లో, వాళ్ల భాషలో, వాళ్ల ఇంట్లో ఉందని అతని లెక్క. అలాంటప్పుడు బిడ్డను ఇంటికి ఎంత దూరం తీసుకుపోతే అంత మేలు. వలసపాలన చదువుకు పునాది ఈ దయే. ద్వేషాన్నైతే ఎదిరించొచ్చు. ‘నీ మంచికే’ అంటూ వచ్చినదాన్ని ఎదిరించడం కష్టం.

బడికి రాగానే జుట్టు కత్తిరించేవారు. లకోటా అనే ఆదివాసీ జాతిలో జుట్టు కోసుకునేది అయినవాళ్లు పోయినప్పుడు. తర్వాత పేరు. ఓటా క్టే అనే పిల్లవాడి చేతికి కర్ర ఇచ్చి, నల్లబల్ల మీద రాసినవాటిలో ఒకటి చూపించమన్నారు. ఆ గీతలేమిటో అతనికి తెలియదు. ఆ రోజు నుంచి అతను లూథర్. సగం పూట చదువు, సగం పూట చాకిరీ. కొన్నాళ్లు తెల్లవాళ్ల ఇళ్లకు పొలం పనికీ, వంటపనికీ పంపేవారు. ఇదే కాలంలో, 1887 చట్టంతో, ఉమ్మడి భూమిని ముక్కలు చేసి పంచారు. మిగులు పేరుతో చాలా భూమి తెల్లవాళ్ల పాలైంది. 13.8 కోట్ల ఎకరాలున్న ఆదివాసీ భూమి 1934 నాటికి 4.8 కోట్లకు చేరింది. ఉమ్మడి బతుకు వెనకబాటని బడి నేర్పుతుంటే, భూమి సంగతి చట్టం చూసుకుంది.

రోజ్‌బడ్ అనే ఆదివాసీ ప్రాంతపు లకోటా నాయకుడు స్పాటెడ్ టెయిల్ 1880లో కార్లైల్ వచ్చి, యూనిఫాంలో కవాతు చేస్తున్న తన పిల్లల్ని చూసి, వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు. నాయకుడు కాబట్టి చెల్లింది. పిల్లల్ని పంపనివాళ్లకు సర్కారిచ్చే రేషన్ ఆపొచ్చని 1893లో అమెరికా చట్టసభ కాంగ్రెసే అనుమతిచ్చింది.

మన దగ్గర ఇంకో దారి ప్రయత్నం జరిగింది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ను చంపాక, మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ సూచనలతో నిజాం సర్కారు 1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ మొదలుపెట్టింది. గోండిలోనే వాచకాలు తయారుచేశారు. సర్కారుకు దయ పుట్టి కాదు, మరో తిరుగుబాటు వస్తుందన్న భయం. అమెరికాలోనూ బడి వెనక ఆ దయతో పాటు ఇదే భయం ఉంది. అయినా మార్లవాయిలో బడే పిల్లల భాష దగ్గరికి వెళ్లింది. మన ఆశ్రమ పాఠశాలల్ని కార్లైల్‌తో సమానం చెయ్యడం అన్యాయం. చాలా కుటుంబాలు వాటిని కోరి, కొట్లాడి సాధించుకున్నాయి. కానీ ఒకటో తరగతిలో పంతులు మాట పిల్లకు, పిల్ల మాట పంతులుకు అర్థం కాకపోతే, వెనకబడింది పిల్లే అని రాసుకునే అలవాటు మనకూ ఉంది.

కార్లైల్ 1918లో మూతపడింది. అక్కడి శ్మశానంలో 180కి పైగా సమాధులు మిగిలాయి. కొన్ని రాళ్ల మీద పేరు కూడా లేదు. 2021 జులైలో తొమ్మిది మంది పిల్లల అవశేషాలను తవ్వి తీసి, స్పాటెడ్ టెయిల్ ఊరివైపు, రోజ్‌బడ్‌కు తీసుకెళ్లారు.