బలానికి రక్తమే పరీక్ష

గుండె రక్తనాళం పూడుకుపోతే స్టెంట్ వేస్తారని ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ తెలుసు. తెరిచిన నాళం కుదురుకోవడానికి కొన్ని నెలల ఆసరా చాలు. లోహపు స్టెంట్ మాత్రం జీవితాంతం లోపలే ఉండిపోతుంది. పని అయ్యాక కరిగిపోయే పాలిమర్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) స్టెంట్ల మీద ఆశ పుట్టింది అందుకే.

ఆ ఆశకు గట్టి దెబ్బే తగిలింది. పాలీలాక్టిక్ యాసిడ్‌తో చేసిన అబ్జార్బ్ స్టెంట్‌కు 2016లో అమెరికా అనుమతి దొరికింది. మరుసటి ఏడాదే దాన్ని తయారుచేసిన అబాట్ కంపెనీ అమ్మకాలు ఆపేసింది. లోహపు స్టెంట్లతో పోలిస్తే ఇందులో రక్తం గడ్డకట్టడం ఎక్కువని తేలింది. లోహమంత బిగువు లేని పాలిమర్ నాళాన్ని తెరిచి పట్టాలంటే తీగలు లావుగా ఉండాలి. అబ్జార్బ్ తీగల మందం సుమారు 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), మంచి లోహపు స్టెంట్లది 80 దరిదాపు. లావు తీగ పక్కన రక్తం నెమ్మదించి సుడి తిరుగుతుంది, గడ్డకు అదే చోటు.

కాబట్టి పాలిమర్‌కు బలం కావాలి. సన్నని నారలనో, నానో కణాలనో, మెగ్నీషియాన్నో కలిపితే అది వస్తుంది. పాలిమర్ కరిగేటప్పుడు ఊరే ఆమ్లాన్ని మెగ్నీషియం విరుస్తుంది కూడా. కానీ పైకి తేలిన ప్రతి కణమూ రక్తానికి కొత్త ముఖమే. ముందు ప్రొటీన్లు అంటుకుంటాయి, వెంటనే రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు చేరతాయి. పైగా పాలిమర్ కరిగాక ఆ కణాలు ఎక్కడికి పోతాయన్నదీ తేలాలి. ల్యాబ్‌లో పొడి ముక్కను లాగి చూసి బలం పెరిగిందంటే నమ్మలేం. స్టెరిలైజేషన్‌కు వాడే గామా కిరణాలే పాలిమర్ గొలుసుల్ని తెంపుతాయి. అది దాటాక, 37 డిగ్రీల తడిలో నెలల తరబడి నానాక ఎంత బలం మిగిలిందో చెప్పాలి.

హైదరాబాద్‌కు ఈ పని కొత్త కాదు. గుండె వైద్యుడు డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి చవక స్టెంట్ తయారుచేయించింది 1990లలో ఇక్కడే, రక్షణ ల్యాబుల లోహ పరిజ్ఞానంతోనే. ఇవాళ తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, కందిలో ఐఐటీ, పంజగుట్టలో నిమ్స్, సుల్తాన్‌పూర్‌లో మెడికల్ డివైజెస్ పార్కు ఉన్నాయి. పాలిమర్ చేసేవారు, రక్తం చూసేవారు మొదటి రోజు నుంచే ఒక బల్ల దగ్గర కూర్చోవాలి. ఓపికా కావాలి. తిరువనంతపురంలోని శ్రీచిత్ర వైద్య సంస్థ చేసిన గుండె కవాటం మొదటి మూడు నమూనాలూ విఫలమయ్యాకే 1990లో రోగికి అమరింది.

ఇక డబ్బు. 2017లో కేంద్రం మందు పూత స్టెంట్లకూ కరిగే స్టెంట్లకూ ఒకే గరిష్ఠ ధర, 29,600 రూపాయలు పెట్టింది. రోగి వైపు నుంచి చూస్తే అది సబబే. అలాంటప్పుడు స్టెంట్ రక్తంలో ఎలా నిలుస్తుందో చూసే, ఏళ్లు పట్టే పరీక్షల ఖర్చును చిన్న కంపెనీల నెత్తిన వేయడం కుదరదు. సుల్తాన్‌పూర్‌లో అందరూ వాడుకునేలా ఆ పరీక్షల ఏర్పాటు చేసి, ఖర్చు రాష్ట్ర ప్రభుత్వమే భరించాలి.