ఒక్క కుట్టేగా!

తిరుపతిలో ఇల్లు అద్దెకు తీసుకునేవాళ్లు వాస్తు చూస్తారు, బోరులో నీళ్లు చూస్తారు, మేడ మీద నిలబడితే కొండ కనబడుతుందా అని చూస్తారు. వీధిలో కుట్టుమిషను ఎవరింట్లో ఉందని మాత్రం ఎవరూ అడగరు. అడగనక్కర్లేదు. పాల ప్యాకెట్టు ఎక్కడ దొరుకుతుందో తెలిసేలోపే ఆ సంగతి తెలిసిపోతుంది. మా వీధిలో ఆ ఇల్లు మాది.

నేను టైలరును కాను. గుమ్మానికి బోర్డు లేదు, రేట్ల పట్టిక లేదు, ఆర్డర్లు రాసుకునే పుస్తకం లేదు. నా బట్టలు నేను కుట్టుకుంటాను, అంతే. ఆడవాళ్లకు ఇంటి తాళాలు, ఫోను, చిల్లర అనేవి ఉండవని రెడీమేడ్ బట్టలు తయారుచేసే మహానుభావులు ఎప్పుడో తీర్మానం చేసేసుకున్నారు. అందుకని నా చుడీదార్లకు నేనే రెండు పక్కలా జేబులు పెట్టుకుంటాను, మణికట్టు దాకా చెయ్యి దూరేటట్టు. ఈ పనికి కావాల్సింది రెండున్నర మీటర్ల కాటన్ గుడ్డ, ఒక ఆదివారం, కాస్త ప్రశాంతత. మొదటి రెండూ తిరుపతిలో దొరుకుతాయి.

మూడోది ఎందుకు దొరకదంటే, పెడలు నాలుగుసార్లు తొక్కీ తొక్కగానే గేటు తెరుచుకుంటుంది.

"అక్కా, ఉండావా? ఏం లేదు, ఒక్క కుట్టే."

ఈ కొలత గురించి మిషను ఉన్న ఇళ్లవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు. 'ఒక్క కుట్టు' కింద మా ఇంటికి జీన్స్ ప్యాంటు జిప్పు వచ్చింది. స్కూలు బ్యాగు పట్టీ వచ్చింది. కొత్త కాపురం పెడుతున్న జంట తాలూకు మొత్తం ఇంటికి కర్టెన్లు వచ్చాయి. స్కూటీ సీటు కవరు కూడా వచ్చింది. రెగ్జిన్ కదమ్మా, అదీ గుడ్డే అన్నాడు తెచ్చినాయన. ఇక బిగుతైన జాకెట్ల సంగతి చెప్పక్కర్లేదు. అన్నీ ఉతికితే కుంచించుకుపోయినవే. మా వీధి నీళ్ల మహిమ ఏమిటో, పాలియెస్టర్ కూడా కుంచించుకుపోతుంది. మనుషులు మాత్రం పెళ్లినాటి కొలతల్లోనే ఉన్నారు.

తెలియనివాళ్ల కోసం కాదు, తెలిసీ తెలియనట్టు నటించేవాళ్ల కోసం చెబుతున్నాను. మిషను మీద ఒక్క కుట్టు అంటూ ఏదీ ఉండదు. మీ వంగపండు రంగు జాకెట్టు పక్కలు వదులు చెయ్యాలంటే నా మిషను మీదున్న తెల్ల రీలు తియ్యాలి. వంగపండు రంగు రీలు వెతకాలి, లేకపోతే బజారుకు పోవాలి. ఆ దారాన్ని ముందు బాబినుకు, అంటే కింద దారం ఉండే చిన్న చక్రానికి, చుట్టాలి. బాబిను కేసులో పెట్టి, దారం కొసను సన్నటి సందులోంచి లాగి, టక్కుమనేదాకా లోపలికి తొయ్యాలి. పైదారం టెన్షన్ బిళ్లల మధ్య నుంచి, పైకీ కిందికీ ఊగే మీట కంట్లోంచి, చివరికి సూది బెజ్జంలోంచి రావాలి. అప్పుడు పాత కుట్టు విప్పడం మొదలు. లైనింగ్ జాకెట్టయితే చంక కింద, చేతికుట్టూ పక్కకుట్టూ కలిసే చోట, గుడ్డ పొరల మీద పొరలుగా ఉంటుంది. అక్కడ బ్లేడు వెంట్రుకవాసి జారితే పోయేది మీ పట్టు జాకెట్టు, పడేది నాకు మాట. మొదట్లోనూ చివరా ఓసారి వెనక్కి కుట్టకపోతే ఆ కుట్టు నిలవదు. ఇదంతా అయ్యాక మళ్లీ నా తెల్లదారం ఎక్కించుకోవాలి. ఈలోపు వచ్చినావిడ సోఫాలో కూర్చుని, ఫోను చూసుకుంటూ, "ఇంకా కాలేదా మ్మా, కుక్కరు పెట్టొచ్చినా" అంటుంది.

జీన్స్ మడతల మీద 14 నంబరు సూది టప్పున విరుగుతుంది. దానికి 16 నంబరు కావాలి. ఆ సూదులు నా బట్టల కోసం నేనెప్పుడూ కొనలేదు.

పై దారాన్నీ కింద దారాన్నీ పెనవేసే ఈ కుట్టు వేసే మిషనుకు అమెరికాలో ఎలియాస్ హోవే 1846లో పేటెంటు తీసుకున్నాడు. 1851లో ఐజాక్ సింగర్ తన మిషనుకు పేటెంటు తెచ్చుకుంటే ఇద్దరూ కోర్టుకెక్కారు. హోవే గెలిచి, అమ్ముడైన మిషన్ల మీద రాయల్టీ వసూలు చేసుకుని ధనవంతుడయ్యాడు. ఒక్క కుట్టేగా అని ఆయనతో ఎవరూ అన్నట్టు లేదు. అంతకుముందే ఫ్రాన్సులో తిమోనియే అనే దర్జీ మిషన్లు చేయించి కార్ఖానా పెడితే, 1831లో మిగతా దర్జీలు గుంపుగా వచ్చిపడి వాటిని విరగ్గొట్టారు. తమ పొట్ట కొడుతుందని వాళ్ల భయం. చిన్నప్పుడు చదివితే మూర్ఖులనిపించారు. ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం గేటు చప్పుడు వినబడినప్పుడల్లా వాళ్ల మీద గౌరవం పెరుగుతోంది.

కూలి ఇవ్వరని నేననను. ఇస్తారు. తిరుపతి కాబట్టి లడ్డు ఇస్తారు. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన పదార్థాన్ని కూలిగా అందుకునే భాగ్యం ఏ దేశపు దర్జీకి ఉంది చెప్పండి. చిన్న లడ్డు కొండ మీద 50 రూపాయలు. అది మొత్తం ఇవ్వరు, నాలుగిళ్లకూ పంచాలి కదా. కాగితంలో చుట్టిన పావు ముక్క వస్తుంది. జీడిపప్పు ఉన్న వైపు ఎప్పుడూ పై ఇంటికే పోతుంది.

కేంద్రం 2023లో మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులుంటే అందులో దర్జీ పని ఒకటి. శిక్షణకు పోతే రోజుకు 500 రూపాయల స్టైపెండు, పనిముట్లకు 15,000. అంటే పని నేర్చుకునేటప్పుడు రోజుకు 500, పని బాగా వచ్చేశాక పావు లడ్డు. ఆడవాళ్లకు ఏదైనా చెయ్యాలని ఏ పార్టీకి అనిపించినా ముందు గుర్తొచ్చేది కుట్టుమిషనే. స్టేజీ, రిబ్బను, మిషను పక్కన నిలబడి ఫోటో. ఆ మిషను మీద కుట్టినదానికి ధర ఎంతో చెప్పే స్టేజీని మాత్రం నేను చూడలేదు.

ఇక గంగమ్మ జాతర. అసలు దీని కోసమే ఇంతసేపూ ఓపిక పట్టాను.

మా తిరుపతి గ్రామదేవత తాతయ్యగుంట గంగమ్మ జాతర మే నెలలో వస్తుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, సున్నపుకుండల వేషం, రోజుకొకటి. మొక్కున్న మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకుని, గాజులు తొడుక్కుని గుడికి పోతారు. బయటి ఊళ్లవాళ్లకు వింతగా ఉండొచ్చు, మాకు భక్తి. చీరతో ఇబ్బంది లేదు, ఎవరికైనా చుట్టుకుంటుంది. చిక్కంతా జాకెట్టుతోనే.

పోయినేడు జాతర ముంచుకొచ్చాక మా వీధి చివరింటి మామ వచ్చాడు. యాభై దాటిన మనిషి. ఆఫీసులో ఆయన సంతకం కోసం జనం వరండాలో పడిగాపులు పడే ఉద్యోగం. ఒక చేతిలో ఎర్రగుడ్డ, ఇంకో చేతిలో అత్త ఆది జాకెట్టు.

"పాపా, దీనికే రవ్వంత లూజు పెట్టి కుట్టియ్యి. రేపు సాయంత్రానికి కావాల. ఒక్క కుట్టే కదా."

అత్త జాకెట్టు 34. టేపు పెట్టి చూస్తే మామ 44. టేపు ఒంటికి తగలగానే పోలీసు సెలక్షన్లో నిలబడినట్టు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నాడు. ఊపిరి వదలండి మామా అంటే, "వదిలితే లూజైపోతుంది పాపా, ఫిట్టింగ్ ఉండాల" అన్నాడు. సరే, ఫిట్టింగే. ముందు మెడ బాగా పైకి కావాలి, రొమ్ము మీద వెంట్రుకలు బయటికి రాకూడదు. వెనక మాత్రం డీపు. డీపుకు తాళ్లు, తాళ్లకు కుచ్చులు, కుచ్చులకు ముత్యాలు. చేతులకు అంచు రావాలి, ఆ అంచు అత్త దాచుకున్న వెంకటగిరి చీర రవికగుడ్డలోంచి తియ్యాలి. పెళ్లికూతుళ్లకు జాకెట్లు కుట్టిచ్చాను, ఒక్కత్తెకూ ఇన్ని కోరికలు లేవు.

అప్పుడు డాట్లు వెయ్యాలా వద్దా అనే ప్రశ్న వచ్చింది. అత్తనూ కొడుకునూ పిలిపించారు. డాటు అంటే ఒంటి ఒంపుకు తగ్గట్టు గుడ్డను లోపలికి మడిచి కుట్టే మడత. మామకు ఒంపు లేక కాదు, ఉన్న ఒంపు జాకెట్టు అయిపోయిన చోట మొదలవుతుంది. డాట్లు వేస్తే లోపల ఏదో ఒకటి నింపాలన్నది అత్త. నింపుదామన్నాడు మామ. దేనితో అన్నదాని మీద స్పాంజి పక్షమని, పాత లుంగీ పక్షమని ఇల్లు రెండుగా చీలింది. మామ రెండు పక్షాల వాదనలూ విని, ఫైలు పక్కన పెట్టే అలవాటు కొద్దీ, "అమ్మవారు అవన్నీ చూడదులే" అని డాట్లు కొట్టేశాడు.

చివరి అంశం ఉక్సులు. ముందుంటే తనే పెట్టుకోవచ్చు. వెనకుంటే అత్త పెట్టాలి. వెనకే అన్నాడు.

ఆ రాత్రి కూర్చుని కుట్టాను. జాతరనాడు ఫోటోలు వీధి గ్రూపులో వరదలా వచ్చాయి. మామ చీరకట్టును మెచ్చుకున్నారు, బొట్టును మెచ్చుకున్నారు, నడకను మెచ్చుకున్నారు. జాకెట్టు ఎవరు కుట్టారని అడిగిన పాపాన పోలేదు. మర్నాడు మామ వచ్చి, "చంక కాడ రవ్వంత పట్టేసింది పాపా, రెండు చేతులెత్తి మొక్కలేకపోయినా" అన్నాడు. ఇక ఆయన ప్రమోషన్ రాకపోతే దానికీ నేనే బాధ్యురాలిని. డబ్బుల మాట నేను ఎత్తేలోపే అత్త అందుకుంది. "అమ్మవారి పని మ్మా. డబ్బులు తీసుకుంటే నీకు పుణ్యం రాదు."

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది, ఇప్పటికీ మండుతోంది. గంగమ్మ ఎవరు? తిరుపతి పక్కన అవిలాలలో పెరిగిన పిల్ల. కంటబడిన ఆడదాన్నల్లా చెరబట్టే పాలెగాడి కోసం వేషం మీద వేషం వేసి, వీధి వీధీ వెతికి, దొర వేషంలో దొరకబుచ్చుకుని తల నరికిన తల్లి. ఆ తల్లి పేరు చెప్పి ఒక ఆడదాని చేత ఊరకే చాకిరీ చేయించుకోవడానికి నోరెలా వస్తుంది? మగవాడు ఒక్కపూట చీర కడితే మొక్కు, ఫోటో, దండం. ఆ చీరలకే ఏడాది పొడుగునా ఫాలు కుట్టే ఆడది ఖాళీగా ఉండి కుట్టిందా?

నాకు ఉద్యోగముంది, నెల జీతముంది. తలుపేసుకోగలను. తలుపేసుకోలేనివాళ్ల మాటేమిటి? షాపులో వందలు పోసి మీరు కుట్టించుకునే జాకెట్టుకు కాజాలు, ఉక్సులు, చేతిమడత ఎవరు వేస్తున్నారో ఎప్పుడైనా అడిగారా? కత్తెర పట్టుకున్న మాస్టారు కాదు. సంచిలో కట్టి ఇళ్లకు పంపుతారు. వంటా గిన్నెలూ అయ్యాక, పిల్లలు పడుకున్నాక, ట్యూబులైటు కింద కూర్చుని ఆడవాళ్లు వేస్తారు. జాకెట్టుకింత అని చిల్లర చేతిలో పెడతారు. పండగ ముందు కళ్లలో నీళ్లు కారినా తెల్లారేసరికి ఇచ్చి తీరాలి. ఆ చిల్లర ఎందుకు పెరగదో తెలుసా? పక్కింటి అక్క ఊరకే చేసిస్తుంటే ఈ పనికి ధర ఎవడు పెంచుతాడు? మీరు గేటు దగ్గర నవ్వుతూ అనే ఆ ఒక్క మాట వాళ్ల కూలిలోంచి కోత. 2019లో దేశమంతా సమయ వినియోగ సర్వే చేశారు. కూలి లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి అప్పట్లో రోజుకు 299 నిమిషాలు పెట్టేవారు, మగవాళ్లు 97. అది సొంత ఇంటి పని లెక్క. వీధి జిప్పులు, వీధి కర్టెన్లు, వీధి మామ కుచ్చులు దానికి అదనం.

ఈ ఏడు మామ ముందుగానే వచ్చాడు, పచ్చగుడ్డతో. లైనింగ్ లేకుండా మూడు వందలు, కుచ్చులకు వేరే, రీలు మీరే తెచ్చుకోవాలి అన్నాను. జోకనుకుని చాలాసేపు నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి అత్త వైపు చూశాడు. పోనీ మామా, మిషను ఇదిగో, బాబిను చుట్టడం దగ్గర్నుంచి నేర్పిస్తాను, రండి కూర్చోండి అని కుర్చీ జరిపాను.

"మగోళ్లం, మేం మిషను తొక్కేదా పాపా!" అన్నాడు.

గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుని, నేరుగా గాంధీ రోడ్డుకు పోయి, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మిషను తొక్కుతున్న ఒక లేడీస్ టైలరు మాస్టారుకు ఇచ్చొచ్చాడు. ఏడు వందలంట. బేరం ఆడలేదంట. రీలు కూడా తనే కొనిచ్చాడంట.