తరుగు లెక్క తేల్చండి: బంగారం–197 గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ బంగారం–197 గారి దివ్య సముఖానికి,

బరంపురం నుంచి తమ విధేయుడు అనేక నమస్కారాలతో చేసుకునే మనవి. ఇక్కడ మేమంతా క్షేమం. తమ క్షేమం రోజూ పొద్దున్నే పేపర్లో చూస్తూనే ఉన్నాం. ఎంత పెరిగారో, ఎంత తగ్గినట్టు నటించి మళ్లీ పెరిగారో అన్నీ తెలుస్తున్నాయి. ధర సంగతి తమతో తేల్చుకునే పని మా అమ్మా, మా వదినా, బడా బజారంతా తిరిగి ఉత్త చేతులతో ఇల్లు చేరే పెళ్లివారూ చూసుకుంటారు. నా పేచీ వేరు. 582కూ 612కూ మధ్య వచ్చిన పేచీ అది: న్యూట్రాన్లను మింగే తమరి ఆకలికి పాత పట్టికలు రాసిన అంకె ఒకటి, కొత్తవి రాసిన అంకె ఇంకొకటి.

నిన్న భోజనం చేసి కంప్యూటర్ ముందు కూర్చున్నవాణ్ని దీపాలు పెట్టే వేళకు గానీ లేవలేదు. పని పెద్దదేమీ కాదు. ఎర్ర రాక్షస తారల్లో (ముసలితనంలో ఉబ్బిపోయిన నక్షత్రాల్లో) లాంథనం, సీరియం, నియోడిమియం అనే మూలకాలు ఎలా పోగుపడతాయో మా తరగతి పిల్లలకు చూపించడానికి ఒక చిన్న లెక్క. కొన్ని అంకెలు పాత పట్టికలోంచి, కొన్ని కొత్త పట్టికలోంచి తీసుకున్నాను. రెండింటిలోనూ ఉన్న కేంద్రకాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదానితో ఒకటి పొసగడం లేదు. పొసగకపోవడంలోనూ ఒక క్రమశిక్షణ ఉంది: కొత్త అంకె వరసగా సుమారు 5 శాతం ఎక్కువ. ప్రోగ్రాంలో ఎక్కడైనా 1.05 దూరిందేమోనని ఒక్కో వరసా వేలు పెట్టి వెతికాను. మధ్యలో కరెంటు పోయింది. (సముద్రం మీద మబ్బు పట్టిందని వార్త వస్తే చాలు, మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ ముందుజాగ్రత్తగా ప్రాణం విడుస్తుంది.) కరెంటు వచ్చాక మళ్లీ మొదటి నుంచి. ఆఖరికి పాత పట్టిక అడుగున, స్కాన్ చేసేటప్పుడు సగం చెరిగిపోయిన చీమతలకాయంత అక్షరాల్లో దొరికింది: పై విలువలన్నీ బంగారం 582 మిల్లీబార్న్‌లు అన్న లెక్కన ఇచ్చినవి.

అంటే ఇంతసేపూ నేను వెతికింది తమరి తరుగును.

తమరికి ఆ ఉద్యోగం ఎందుకిచ్చారో తమరికి గుర్తుచేయాల్సి రావడమే నామోషీ. ఒక కేంద్రకం న్యూట్రాన్‌ను ఎంత ఆత్రంగా మింగుతుందో చెప్పేదే క్రాస్ సెక్షన్. దానికి కొలమానం బార్న్: చదరపు సెంటీమీటరును వెయ్యి కోట్ల కోట్ల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. మిల్లీబార్న్ అంటే అందులో వెయ్యో వంతు. ఎన్ని మింగిందో లెక్కపెట్టడం ఒక మోస్తరు పని. మింగడానికి ఎన్ని వచ్చాయో లెక్కపెట్టడమే తలనొప్పి. న్యూట్రాన్ సంగతి తెలిసిందే కదా, ఆవేశం లేదు, పట్టుకుందామంటే పిలక లేదు. ఒంటరిగా ఎంతసేపు బతుకుతావని అడిగితే ఒక రకం ప్రయోగంలో సుమారు 878 సెకన్లు అంటుంది, ఇంకో రకంలో 888 అంటుంది. సొంత ఆయుర్దాయం మీదే ఒక మాట మీద నిలబడని దాని దగ్గర సాక్ష్యం ఏం తీసుకుంటాం? అందుకే తమరిని పిలిచారు. కొలవాల్సిన పదార్థాన్ని పల్చటి బిళ్లగా నొక్కి, అటొకటీ ఇటొకటీ బంగారు రేకులు పెట్టి, మూడింటినీ కలిపి న్యూట్రాన్లకు ఎదురుగా నిలబెడతారు. తరువాత రేకుల్ని విడదీసి గామా కిరణాలను పట్టే జెర్మేనియం డిటెక్టర్ ముందు పెడితే 412 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దగ్గర ఒక్క శిఖరం నిటారుగా లేస్తుంది. న్యూట్రాన్ మింగి బంగారం–198గా మారిన వాటి లెక్క అది. బంగారం ఆకలి ఎంతో ముందే తెలుసు కాబట్టి వచ్చిన న్యూట్రాన్లు ఎన్నో తేలిపోతాయి. తెలుసు కాబట్టి! ఆ ఒక్క మాట మీద మొత్తం కట్టడం.

తమరిని నమ్మడానికి కారణాలు లేకపోలేదు. తుప్పు పట్టరు, రేకుగా సాగుతారు, ప్రకృతిలో ఒకే ఒక్క ఐసోటోప్‌గా (కేంద్రకంలో ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కలిపి 197 ఉన్న రకంగా) దొరుకుతారు. గది వేడిమిలో తిరిగే న్యూట్రాన్ల దగ్గర తమరి మాట 98.7 బార్న్‌లు, దానికి వంక పెట్టినవాళ్లు లేరు. 4.9 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరైతే పల్చటి రేకు కూడా ఎదురొచ్చిన న్యూట్రాన్లను దాదాపు ఒక్కటీ పోనివ్వదు. ఇంత నమ్మకంగా మింగేవాళ్లను చూసి ఎవరైనా తాళంచెవులు అప్పగిస్తారు.

అసలు రంగు బయటపడింది నక్షత్రాల కడుపులో. అక్కడ న్యూట్రాన్ల శక్తి 30 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ప్రాంతంలో ఉంటుంది. సెకనుకు సుమారు 2400 కిలోమీటర్ల పరుగు. 1988లో జర్మనీలోని కార్ల్స్‌రూలో రాటిన్‌స్కీ, కెప్పెలర్ తమరిని ఎవరి తోడూ లేకుండా విడిగా తూచారు. లిథియం మీదికి 1912 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్లను వదిలితే, వెలువడే న్యూట్రాన్ల శక్తులు అచ్చం నక్షత్రంలో ఉన్నట్టే సర్దుకుంటాయి. ఒక్కో న్యూట్రాన్ పుట్టినప్పుడల్లా ఒక బెరీలియం–7 కేంద్రకం అక్కడే మిగిలిపోతుంది. వాటిని లెక్కపెడితే న్యూట్రాన్లు ఎన్నో తెలిసినట్టే. అంత తెలివైన ఏర్పాటులో ఆ పెద్దలు రాసుకున్న అంకె 582, అటూ ఇటూ 9. అంటే దోషం ఉంటే గింటే ఒకటిన్నర శాతం. ఆ తరువాత దశాబ్దాల పాటు కేంద్రకం మీద కేంద్రకం ఆ 582 పక్కన నిలబడి తమ ఎత్తు చెప్పుకున్నాయి.

బంగారు పళ్లానికైనా గోడ చేర్పు కావాలంటారు. తమరికి ఆ గోడ ఏదని చాలాకాలం ఎవరూ అడగలేదు. 2006లో అంతర్జాతీయంగా ప్రామాణిక విలువలను మళ్లీ మదింపు చేసినవాళ్లు అడిగారు. వాళ్ల లెక్కలో తమరు 582 దగ్గర కాదు, చాలా పైన ఉన్నారు. బెల్జియంలోని గీల్‌లో కొలిచారు. జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో కొలిచారు: అక్కడ ప్రోటాన్లు సీసపు దిమ్మెను ఢీకొంటే న్యూట్రాన్లు చెదిరి 185 మీటర్ల గొట్టంలో పరుగు పెడతాయి, ఏది ఎప్పుడు చేరిందో చూసి దాని శక్తి కనిపెడతారు. 30 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దానికి ఆ దూరం 77 మైక్రోసెకన్ల పని. ఎవరు కొలిచినా తమరు పైనే. చివరికి పట్టికల వాళ్లు తమరిని సుమారు 612 దగ్గర కూర్చోబెట్టారు. 30 తేడా. హామీ ఇచ్చిన 9కి మూడు రెట్లు దాటింది.

మా బడా బజారులో ఒక ముసలి కంసాలి ఉన్నాడు. నగ తెస్తే ముందు నల్లటి గీటురాయి మీద దాన్ని ఒక గీత గీస్తాడు. దాని పక్కనే, మేలిమి ఎంతో తెలిసిన సూదితో రెండో గీత. రెండింటి మీదా ఒకే గాజుపుల్లతో ఆమ్లం చుక్క తాకించి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఏ గీత ముందు వెలిసిపోతుందో చూస్తాడు. అయ్యా, ఆ రెండో గీత మీరు. నగ కల్తీదైతే పట్టుకోవచ్చు. సూదే కల్తీదైతే ఆ ముసలాయన ఎవరితో చెప్పుకోవాలి? మీ ఒంటి మీద 916 అని మూడంకెలు చెక్కి అమ్ముతున్నారు. అదే 916లో ఈ 5 శాతం కొరుక్కుని 870 సరుకు ఇచ్చి చూడమనండి, మా వదిన కొట్టు మెట్లు దిగకముందే ఒడియాలోనూ తెలుగులోనూ పంచాయితీ మొదలవుతుంది. తులానికి అర గ్రాము! పెళ్లికూతురి తల్లికి మూడంకెల నిజం చెప్పగలిగినవాడివి, నక్షత్రాలకు రెండంకెల నిజం చెప్పలేకపోయావా? నీ పక్కన నిలబడ్డ పాపానికి జిర్కోనియం పొట్టిదైంది, బేరియం పొట్టిదైంది. వాటి తప్పేముంది? మన బంగారం మంచిదైతే కంసాలి ఏం చేస్తాడని సామెత చెప్పి చెప్పి మమ్మల్ని పెంచారు. ఇక్కడ కంసాళ్లందరూ మంచివాళ్లే. బంగారమే తేడా.

జెనాన్–135 ఉంది. 26 లక్షల బార్న్‌లకు పైగా ఆకలి. 1944లో అమెరికాలోని హాన్‌ఫర్డ్ రియాక్టర్ మొదలైన కొన్ని గంటల్లోనే న్యూట్రాన్లన్నీ మింగి దాన్ని ఆపేసింది. తిండిపోతే, కానీ తిండిపోతునని దాచుకోలేదు. అదనపు ఇంధనం పెట్టి దాన్ని దాటుకుని పోయారు. నీతో అలాగూ కుదరదు.

క్షమించాలి. తమరు అనడం మానేసి ఏకవచనంలోకి దిగిపోయాను. మళ్లీ ఎక్కుతాను.

5 శాతానికే ఇంత గొడవా అని తమరు అనుకోవచ్చు. మా పొరుగున ఛత్రపురం ఉంది. అక్కడి సముద్రపు ఇసుకలోంచి మోనజైట్ అనే ఖనిజం తీస్తారు. గోపాలపూర్ తీరానికి షికారుకు వెళ్లి కాళ్లకు అంటించుకొచ్చే ఇసుకకు అది చుట్టమే. మోనజైట్‌లో సీరియం, లాంథనం, నియోడిమియంతో పాటు థోరియం ఉంటుంది. థోరియం–232 ఒక న్యూట్రాన్ మింగితే ప్రొటాక్టీనియం–233, అది 27 రోజుల అర్ధాయువుతో యురేనియం–233. మన దేశపు మూడంచెల అణుశక్తి కార్యక్రమంలో మూడో అంచె దీని మీదే నిలబడాలి. ఇప్పుడు జమాఖర్చు చూడండి. నెమ్మదైన న్యూట్రాన్లతో నడిచే రియాక్టర్‌లో యురేనియం–233 ఒక న్యూట్రాన్‌ను తీసుకుంటే సగటున 2.28 తిరిగి ఇస్తుంది. ఒకటి గొలుసు చర్య సాగడానికి పోతుంది. ఒకటి ఖర్చయిన యురేనియం స్థానంలో కొత్తది తయారు కావడానికి థోరియానికి పోతుంది. చేతిలో మిగిలేది పావలా. ఆ పావలాలోంచే గొట్టాలు మింగాలి, నీరు మింగాలి, జెనాన్ మింగాలి, యురేనియంగా మారకముందే ప్రొటాక్టీనియం మింగాలి, కొన్ని గోడ దాటి పారిపోవాలి. పావలా సంసారంలో ఎవరు ఎంత తింటున్నారో 5 శాతం అటూ ఇటూగా తెలుసు అంటే ఆ ఇల్లు నడుస్తుందా? థోరియం ఆకలిని కొలిచేటప్పుడు చాలాచోట్ల పక్కన కూర్చోబెట్టేది కూడా తమరినే.

పైగా తమరి వంశం సంగతి ఎత్తకుండా ఉండలేకపోతున్నాను. ఇనుముకన్నా బరువైన మూలకాల్లో దాదాపు సగం ఎర్ర రాక్షస తారల్లో తీరుబడిగా తయారయ్యాయి. ఒక న్యూట్రాన్ మింగడం, నిలకడ లేకపోతే బీటా క్షయంతో (ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారి) ఒక మెట్టు ఎక్కడం, మళ్లీ ఎప్పటికో ఇంకొకటి. 1952లో మెరిల్ అనే ఖగోళ శాస్త్రవేత్త అలాంటి తారల వెలుగులో టెక్నీషియం గీతలు చూశాడు. తారల వయసు ముందు దాని ఆయువు ఏపాటిది? అంటే అక్కడే, అప్పుడే తయారైందన్నమాట. 1957లో బర్బిడ్జ్ దంపతులు, ఫౌలర్, హాయిల్ ఈ దారి మొత్తానికి పటం గీశారు. ఈ దారిలో ఎవరు అయిష్టంగా మింగుతారో వాళ్లే ఎక్కువగా పోగుపడతారు. 82 న్యూట్రాన్లతో కడుపు నిండిన బేరియం–138, లాంథనం–139, సీరియం–140 అలా మిగిలినవే. తమరి పుట్టుకలో మాత్రం ఈ నెమ్మది దారి వాటా చాలా స్వల్పం. తమరు ఎక్కువగా న్యూట్రాన్ నక్షత్రాలు గుద్దుకున్న చోటనో, అలాంటి మరో బీభత్సంలోనో క్షణాల్లో పుట్టి దిగినవారు. ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చినవాళ్లకు కొలత పెట్టే కుర్చీ మాత్రం తమరిది!

సీరియం–140 పాపం మరీ ఎక్కువ దెబ్బ తింది. 2024లో సెర్న్ వాళ్లు దాన్ని మళ్లీ కొలిచి, తక్కువ శక్తుల దగ్గర పాత విలువ కంటే 40 శాతం దాకా ఎక్కువని ప్రకటించారు. దీన్ని తమరి నెత్తిన రుద్దను, తమరి 5 శాతం అంత బరువు మోయలేదు. కానీ ఇలాంటి పెద్ద దొంగను పట్టుకోవడానికి బయలుదేరినవాళ్లు ముందు తమరి చిల్లర దొంగతనాన్ని లెక్కలోంచి ఏరి పక్కన పెట్టుకోవాలి. ఛత్రపురం ఇసుకలో సీరియం ఇంత ఎందుకుందో మా పిల్లలకు చెప్పాలంటే నేనూ అదే చేయాలి.

వేమన పరుసవేది వెంట తిరిగాడని చెప్పుకుంటారు. పాదరసాన్ని బంగారం చేద్దామని కొలిమి ముందు కనుబొమలు కాల్చుకున్నవాళ్లకు లెక్క లేదు. తమరేమో ఒక్క న్యూట్రాన్ మింగితే చాలు, 2.7 రోజుల్లో సగం మంది పాదరసం అయిపోతారు. ఈ సంగతి మా అమ్మకు ఇంకా చెప్పలేదు.

ఇంత తిట్టినా తమరిని తీసేసి ఆ కుర్చీలో ఎవరిని పెట్టాలో తోచడం లేదు. ఇండియంను పెడదామంటే దానికి ఐసోటోపులే రెండు, పైగా ఒకే కేంద్రకం రెండు రకాలుగా మారుతుంది. వెండి గురించి అసలు మాట్లాడకండి. రేపు కొత్త కేంద్రకం ఏదైనా కొలవాలన్నా ఆ బిళ్లకు అటూ ఇటూ మళ్లీ తమరి రేకులే అంటిస్తారు, 412 దగ్గర మళ్లీ ఆ శిఖరం లేస్తుంది, దాన్ని చూడగానే నా లాంటివాడికి మనసు కుదుటపడుతుంది కూడా. ఎంతైనా అందగాడివి.

కాబట్టి ఉద్యోగం తమరిదే. నా కోరిక ఒక్కటే. ఏ పట్టికలోనైనా తమరి లెక్కన ఇచ్చిన అంకెలు ఉంటే, తమరు అప్పుడు 582 మీద ఉన్నారో 612 మీద ఉన్నారో పట్టిక నెత్తి మీద, లావుపాటి అక్షరాల్లో, హాల్‌మార్క్ కొట్టినట్టు కొట్టించండి. పాత పట్టికలకు కూడా. ఈ ఉత్తరం రాస్తూ రాస్తూ నా దగ్గరున్న ప్రతి పాత పట్టిక మీదా ఎర్ర సిరాతో నేనే కొట్టేశాను. కూలీ తరువాత అడుగుతాను.

ఇట్లు,
తమరి 5 శాతం బాధితుడు,
బరంపురం, గంజాం జిల్లా